హెల్మెట్ పెడితే హీరో మొహం కనపడదురా

దా నాయనా, ఇలా కూర్చో. ఆ రీపరు ముక్కలు మంటలోకి తొయ్యి. చూసుకుని, మేకులుంటాయి. మొన్నటిదాకా ఏ జమీందారు మేడలో గోడకి దన్నుగా ఉన్నాయో మరి, సెట్టు విరగ్గొట్టాక ఆఖరికి కృష్ణానగర్ చలిమంటలకే వస్తాయి.

ఏమన్నావు, మీ గ్రాఫిక్స్ ఆఫీసులో కొత్తగా ఓ గ్రహం తయారుచేస్తున్నారా? సినిమా పేరు చెప్పకూడదని సంతకం పెట్టించుకున్నారా? సరే, చెప్పకులే. మా రోజుల్లో ఫ్లోరు బయట టీ పోసేవాడిక్కూడా క్లైమాక్సు తెలిసిపోయేది. కానీ ఇందాక ఇంకో మాటన్నావు చూడు, తెలుగోళ్ళు అంతరిక్షం మొహం చూడ్డం ఇప్పుడే మొదలైందని, అది మాత్రం నేనొప్పుకోను. మన భానుమతమ్మ 1963లోనే వేరే గ్రహానికి వెళ్ళొచ్చింది.

నవ్వుతావేం? 'కలై అరసి' అని అరవ సినిమా. ఎంజీఆర్ హీరో, కాశీలింగం డైరెక్షను. కథేంటంటే, ఎక్కడో ఓ గ్రహం ఉంది. అక్కడివాళ్ళకి యంత్రాలున్నాయి, ఆకాశంలో తిరిగే ఓడలున్నాయి, పాట మాత్రం రాదు. నేర్పేవాళ్ళు కావాలి. భూమంతా గాలించి చివరికి ఎవర్ని ఎత్తుకుపోయారనుకున్నావు? భానుమతిని! ఒంగోలు పక్క దొడ్డవరంలో పుట్టిన మనిషి, తన పాట తనే పాడుకునే మనిషి, భరణీ స్టూడియో యజమానురాలు. పెద్దపెద్ద హీరోలే ఆవిడ ముందు ఆచితూచి మాట్లాడేవాళ్ళని చెప్పుకునేవారు. అలాంటావిణ్ణి ఎత్తుకుపోడానికొచ్చిన విలన్ నంబియార్ గుండెధైర్యానికి దణ్ణం పెట్టాలి. మన దేశంలో గ్రహాంతరవాసులు తెరమీదకొచ్చిన తొలి సినిమాగా దాన్నే చెప్తారు.

నాకు నచ్చిందేంటో తెలుసా? ఇంగ్లీషు సినిమాల్లో పైనుంచి దిగినవాడు భూమిని తగలబెట్టడానికి వస్తాడు. వీళ్ళు సంగీతం కోసం వచ్చారు. అలాంటి ఊహ కోడంబాకంలోనే పుడుతుంది, ఇంకెక్కడా పుట్టదు.

నేనప్పటికి తెనాలి పక్క మా ఊరొదిలి మద్రాసు చేరి, ఓ మౌల్డింగ్ మేస్త్రి దగ్గర కొబ్బరి పీచు తడిపే కుర్రాణ్ణి. పీచుని ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచి, అచ్చులో పరిచి, ఆరాక ఊడదీస్తే దేవాలయ స్తంభం. దానికి రంగేస్తే రాయి. ఆ రోజుల్లో నాతో సహా చాలామంది కుర్రాళ్ళు సినిమాల్లోకి రావడానికి కారణం ఏ హీరోనో అనుకుంటారు గానీ, నా మటుకు నాకు చందమామ. అందులో దాసరి సుబ్రహ్మణ్యంగారి సీరియళ్ళు. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టారాయన. తర్వాత 'మకరదేవత', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం'... నెలంతా పోస్ట్‌మాన్ కోసం లైబ్రరీ గుమ్మంలో పడిగాపులు. ఆ చిత్రాగారి బొమ్మలు! మొసలి తల మనిషీ, కొండకొమ్ముకి వేలాడే కోటా. అవి రాసిందెవరో మాకు తెలీదు, పేరు వేసేవాళ్ళు కాదు. యాభై ఏళ్ళకి పైగా ఆ పత్రికలో పనిచేసి, 2010లో విజయవాడలో పోయారాయన. అప్పుడు గదా పేపర్లు ఆయన గురించి రాసింది.

ఇక్కడో సంగతి చూడు. ఆ చందమామ పెట్టిందెవరు? నాగిరెడ్డిగారు, మా తెనాలి చక్రపాణిగారు. విజయా ప్రొడక్షన్స్ ఎవరిది? వాళ్ళదే. ఒక చేత్తో పిల్లలకి చందమామ అచ్చేస్తున్నారు, రెండో చేత్తో పెద్దాళ్ళకి 'పాతాళభైరవి', 'మాయాబజార్' తీస్తున్నారు. అందుకే మనవాళ్ళకి వేరే లోకమంటే వింతా లేదు, బెదురూ లేదు. తోటమాలి కొడుకు పాతాళానికి దిగితే హాల్లో ఒక్కడు కూడా అదెలాగని అడగలేదు.

మద్రాసులో మూర్ మార్కెట్ అని ఉండేది, పాత పుస్తకాలకి పెట్టింది పేరు. 1985లో కాలిపోయింది, పాపం. మా ఆర్ట్ డైరెక్టరొకాయన ఆదివారం ఆదివారం అక్కడ తేలేవాడు. పాత అమెరికా పత్రికలు, చవక కాయితం, ముట్టుకుంటే అంచులు పొడైపోయేవి, అట్టమీద మాత్రం కళ్ళు చెదిరే రంగులు. 'అమేజింగ్ స్టోరీస్' అనే పేరొకటి నాకిప్పటికీ గుర్తు. ఆకుపచ్చ మనుషులు, ఎనిమిది కాళ్ళ జంతువులు, గాజు బుర్రల్లాంటి టోపీలు పెట్టుకున్న మగాళ్ళు, అరుస్తున్న ఆడాళ్ళు. ఆయన ఆ అట్టల్ని చింపి గోడకి అంటించి, వాటిలోంచి రాక్షసుల్ని ఏరుకునేవాడు. కొమ్ములు కాస్త పెంచి, కోరలు తగిలించి, మెళ్ళో పుర్రెలేస్తే అయిపోయె, మన జానపదానికి సరిపోయే రాక్షసుడు. అంగారకుడి మీంచి వచ్చాడని నిర్మాతకి తెలీదు.

ఆయనే చెప్పాడు నాకు బరోస్ కథ. టార్జాన్ రాశాడే, ఆయనే. 1912లో ఓ పత్రికలో సీరియల్‌గా రాశాడట, జాన్ కార్టర్ అనే సిపాయి ఉన్నట్టుండి అంగారకుడి మీద కళ్ళు తెరుస్తాడు. అక్కడ బరువు తక్కువ, అందుకని ఒక్క గెంతు గెంతితే మేడెత్తున లేస్తాడు. నాలుగు చేతుల ఆకుపచ్చ వీరులుంటారు. ఓ రాజకుమారి ఉంటుంది. ఆవిణ్ణి దుర్మార్గుడు చెరబడితే ఇతను కత్తి దూసి విడిపించాలి. అంతా విని నేనేమన్నానో తెలుసా? "ఇది మన కాంతారావుగారి సినిమాయే కదండీ!" అన్నాను. ఆయన పగలబడి నవ్వాడు. నవ్వాక కాసేపు మాట్లాడలేదు. నిజమే కదా మరి! రాకెట్టొకటి పక్కనపెడితే కత్తి ఉంది, రాజకుమారి ఉంది, గుహ ఉంది, మృగం ఉంది. విఠలాచార్యగారు తీసినవన్నీ అవే. ఆయనకి అంగారకుడితో పనిలేదు, మాంత్రికుడి కనుసన్న చాలు. డేట్లు సరిగ్గా ఇవ్వని నటుణ్ణి శాపం పెట్టి చిలకగా మార్చేసి మిగతా సినిమా లాగించేసేవాడని ఓ కథ మద్రాసంతా చెప్పుకునేవాళ్ళు. ఎంత నిజమో గానీ, విన్న ప్రతి నటుడూ టైముకొచ్చేవాడు.

మరి అన్నీ ఉండి మనం గ్రహానికెందుకు పోలేదు? అదే నువ్వడగాల్సిన ప్రశ్న. గూఢచారి వచ్చాడు, 1966లో కృష్ణగారి 'గూఢచారి 116'. కౌబాయ్ వచ్చాడు, 1971లో 'మోసగాళ్ళకు మోసగాడు', రాజస్థాన్ ఎడారిలో గుర్రాల మీద. అమెరికావాడి సరుకంతా తెచ్చుకున్నాం, రాకెట్ ఒక్కటి తెచ్చుకోలా. డబ్బు లేక అంటారు. ఒప్పుకోను. మయసభ వేసినవాడికి రాకెట్టొక లెక్కా? నేను చూసింది చెప్తాను.

ఓ కంపెనీ, పేరొద్దులే, ఉన్నవాళ్ళున్నారు. 1969లో అమెరికా వాళ్ళు చంద్రుడి మీద దిగారు గదా, దేశమంతా అదే మాట. పత్రికల్లో ఫొటోలు. ఈ కంపెనీ వాళ్ళకి పూనకం వచ్చింది. చంద్రమండలం సినిమా తీద్దామన్నారు. మాకు పని పడింది. ఫ్లోరు నిండా గోనెపట్టాలు, ఇనప మెష్, దాని మీద ప్లాస్టరు, గుంటలు గుంటలుగా. బూడిదరంగు వేశాం. అంతా అయ్యాక పెద్దాయన వచ్చి చూశాడు. "ఇదేంటి, ఏమీ లేదు?" అన్నాడు. చంద్రుడు అలాగే ఉంటాడండీ, ఫొటోలో చూడండి అన్నాడు ఆర్ట్ డైరెక్టరు. "అలా ఉంటే ఎవడు చూస్తాడయ్యా, ఓ కొలనైనా పెట్టు" అన్నాడాయన. అసలు గొడవది కాదు. ట్రయల్ కోసం హీరోకి గాజు బుర్ర తొడిగారు. లైట్లు వేశారు. ఆ బుర్రలో హీరో మొహం కనపడితే ఒట్టు! లైట్లు కనపడుతున్నాయి, కెమెరా కనపడుతోంది, స్టూలెక్కిన లైట్‌మాన్ కనపడుతున్నాడు, బీడీతో సహా. గాజు తీసేస్తే గాలి లేనిచోట ఎలా బతికాడని అడుగుతారు. ఉంచితే హీరో ఎవరో తెలీదు. అంత పారితోషికం ఇచ్చి మొహం దాచిపెట్టే నిర్మాత తెలుగునాట ఇంకా పుట్టలేదు.

ఏముంది, ఫైనాన్సియరు జారుకున్నాడు. ఫ్లోరు అద్దె పెరుగుతోంది. పక్క కంపెనీకి కైలాసం కావాల్సొచ్చింది. రాత్రికి రాత్రి గుంటలు పూడ్చి, పైన దూది పరిచి, నీలం లైటేశాం. తెల్లారేసరికి చంద్రమండలం మీద శివుడు కూర్చున్నాడు. మా బత్తా మాత్రం ఇద్దరిలో ఎవరూ ఇవ్వలేదు.

నువ్వు చేసే పని అప్పుడెలా చేసేవాళ్ళో చెప్పనా? కంప్యూటరంటే ఏంటో తెలీని కాలం. మాస్క్ షాట్ అనేవాళ్ళం. లెన్స్ ముందు సగం నల్లగా కప్పేసి, ఓ సగంలో షాట్ తీస్తారు. ఫిల్మ్ వెనక్కి తిప్పి, ఆ సగం కప్పి ఈ సగం తెరిచి మళ్ళీ తీస్తారు. ఒకే ఫిల్మ్ మీద రెండుసార్లు. మధ్యలో కెమెరా వెంట్రుకవాసి కదిలితే ఒకే మనిషి భుజం రెండు ముక్కలు. అందుకని ఆ రోజు ఫ్లోర్లో ఎవడూ గట్టిగా నడవకూడదు. కోట కూలాలంటే నడుమెత్తు బొమ్మకోట కట్టి, కెమెరాని ఎక్కువ స్పీడులో తిప్పి తీసేవాళ్ళు. తెరమీద నిదానంగా పడుతుంది, అప్పుడు దానికి బరువొస్తుంది. మార్కస్ బార్ట్‌లీ అలాంటి మహానుభావుడు. 'మాయాబజార్'లో ఆ వెన్నెల పడవపాట గుర్తుందిగా, ఆ వెన్నెల ఆయన లైట్లతో పుట్టించిందే. ట్రిక్కులకి రవికాంత్ నగాయిచ్. 1961లో రామారావుగారి 'సీతారామ కళ్యాణం'లో ఆయన చేసినవి చూడు, ఇప్పటికీ అతుకు దొరకదు.

అదే 'మాయాబజార్'లో ప్రియదర్శిని పెట్టె ఉందే, మూత తెరిస్తే మనసులో ఉన్న మనిషి కనపడతాడు. 1957లో! మీరు చేతిలో పెట్టుకు తిరిగేది అదేగా. ఇప్పుడు మూత లేదు, అంతే తేడా.

కాస్త ఇటు జరుగు, పొగ నీ వైపే వస్తోంది.

మద్రాసు నుంచి ఇటొచ్చాక నాకు తెలిసిందేంటంటే, మేం అక్కడ ప్లాస్టర్‌తో చేసిన గ్రహం ఇక్కడ ఊరికే పడి ఉంది. మీకు ఇప్పుడు తెలీదు. అక్కినేనిగారు 1976లో బంజారాహిల్స్‌లో అన్నపూర్ణా స్టూడియో పెట్టినప్పుడు అక్కడ ఏముంది? రాళ్ళు. ఇరవై రెండెకరాల రాళ్ళూ తుప్పలూ. ఆ పైన జూబ్లీహిల్స్, నరసింహంగారనే ఐఏఎస్ ఆఫీసరు హౌసింగ్ సొసైటీగా పెంచుకొచ్చింది, అదీ అంతే. ఏనుగంత బండ మీద ఇల్లంత బండ, కింద చూస్తే బెత్తెడు ఆనిక. ఇప్పుడో ఇంకాసేపట్లోనో దొర్లిపోయేలా ఉంటుంది. రెండొందల యాభై కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటట అది. అంటే అంతకాలంగా దొర్లలేదన్నమాట. పొద్దుగూకే వేళ దుర్గం చెరువు వైపు నిలబడి చూస్తే భూమ్మీద ఉన్నట్టే అనిపించేది కాదు. తర్వాత పద్మాలయా వచ్చింది, 1989లో రామానాయుడుగారు ఫిల్మ్‌నగర్ కొండమీద స్టూడియో పెట్టారు, ఛాంబరొచ్చింది, కల్చరల్ సెంటరొచ్చింది, ఇళ్ళొచ్చాయి. వడ్డెరోళ్ళు సుత్తులతో, ఆ తర్వాత మందుగుండుతో, బండలన్నీ పోయాయి. మొన్నామధ్య ఓ సెట్టుకి బండరాళ్ళు కావాలంటే మావాడు థర్మకోల్‌తో చెక్కి ఫైబర్ పూసి ఇచ్చాడు. ఎక్కడ వేశారనుకున్నావు? బండ పేల్చి చదును చేసిన ఫ్లోర్లో!

సరే, ఇక మన సినిమాలోకి యంత్రం వచ్చిన సంగతికొద్దాం. దానికంటే ముందే పైలోకం పిల్ల ఈ లోకానికొచ్చింది, 1990 మే నెలలో, 'జగదేకవీరుడు అతిలోకసుందరి'. కోస్తాలో తుఫాను, హాళ్ళలోకి నీళ్ళు. అయినా జనం ఆగలా. కానీ ఆ పిల్ల ఇంద్రజ ఉంగరంతో వచ్చింది, యంత్రంతో కాదు. యంత్రమెక్కి కాలాన్ని దాటింది మాత్రం 1991 జూలైలో, 'ఆదిత్య 369'. సింగీతం శ్రీనివాసరావుగారు. వెల్స్ రాసిన కాలయంత్రం నవల చదివిన ఊహ ఎన్నాళ్ళనుంచో ఆయన మనసులో ఉందట. విమానంలో బాలసుబ్రహ్మణ్యంగారి చెవిన వేస్తే, ఆయన పట్టుబట్టి శివలెంక కృష్ణప్రసాద్‌గారితో నిర్మాణం మొదలుపెట్టించారు. పి.సి. శ్రీరామ్ కెమెరా మొదలెట్టి, ఒంట్లో బాగోక మధ్యలో తప్పుకుంటే, వి.ఎస్.ఆర్. స్వామిగారు, కబీర్ లాల్ మిగతాది పూర్తి చేశారు. ముగ్గురు కెమెరామెన్లు, మూడు కాలాలు. చూసేవాడికి అలా కావాలనే చేశారనిపిస్తుంది. పేకేటి రంగాగారి ఆర్టు. వెనక్కి రాయలవారి కాలానికి, ముందుకి 2504కి.

అందులో కిటుకు పట్టుకున్నావా? ముందు రాయలవారి దగ్గరికి తీసుకెళ్ళారు. అక్కడ కిరీటాలున్నాయి, తెనాలి రామకృష్ణుడున్నాడు, నర్తకి ఉంది. మనకి చిన్నప్పట్నుంచీ తెలిసిన లోకం. ఆ యంత్రాన్ని నమ్మడం జనానికి అక్కడ అలవాటైంది. అలవాటయ్యాక అప్పుడు 2504. ముందే భవిష్యత్తులోకి తోసుంటే ఇంటర్వెల్‌కే లేచి వెళ్ళేవాళ్ళు. హీరోకి గాజు బుర్రా పెట్టలేదు, చూశావుగా! ఆ ఒడుపు సింగీతంగారికి ఎక్కణ్ణుంచి వచ్చింది? కె.వి. రెడ్డిగారి దగ్గర్నుంచి. 'మాయాబజార్' రోజుల్లో ఆయన కె.వి. రెడ్డిగారి దగ్గర అసిస్టెంటు. ఘటోత్కచుణ్ణి నమ్మించినవాళ్ళ దగ్గర పని నేర్చుకున్న మనిషికి టైమ్ మెషీన్ నమ్మించడం ఓ లెక్కా?

అసలు అంతరిక్షంలోకి వెళ్ళింది 2018 డిసెంబరులో, వరుణ్‌తేజ్ 'అంతరిక్షం'. సంకల్ప్ రెడ్డి డైరెక్షను. తాళ్ళకి కట్టి తేలించారు, ఆ తాళ్ళు మీలాంటివాళ్ళు చెరిపారు. మా కాలంలో ఘటోత్కచుడు ఎగరాలన్నా తీగే, కానీ చెరిపేవాడు లేడు. వెనక పరదాకి ఏ రంగుంటే తీగకి ఆ రంగు పూసి, లైటు దానిమీద పడకుండా చూసుకోవడమే. 'అంతరిక్షం' బాగానే తీశారు గానీ జనం పెద్దగా రాలేదు. నాకేమనిపిస్తుందంటే, అందులో శాటిలైటు ఉంది, రాకెట్ ఉంది, రాక్షసుడు లేడు.

2024 జూన్‌లో 'కల్కి' వచ్చింది. నాగ్ అశ్విన్ ఆ లోపం పూడ్చేశాడు. 2898 అన్నాడు, కాశీ నెత్తిన తలకిందులుగా వేలాడే కాంప్లెక్స్ పెట్టాడు. అందులో అశ్వత్థామని దింపాడు. బుజ్జి అని ఆరు టన్నుల బండి ఒకటి కోయంబత్తూరులో నిజంగానే కట్టించాడు, బొమ్మ కాదు, నడుస్తుంది. ఆ సినిమా మొదలైనప్పుడు దారి చూపించమని ఎవర్ని పిలిచారో తెలుసా? మళ్ళీ సింగీతంగారినే! తొంభైకి దగ్గర పడ్డ మనిషి. 1957లో ఘటోత్కచుడి పక్కన నిలబడ్డవాడే 1991లో టైమ్ మెషీన్ ఎక్కించాడు, మళ్ళీ దీనికీ సలహా చెప్పాడు. అమెరికాలోనూ ఇంతేనట. ఫ్లాష్ గోర్డన్ అనే పాత బొమ్మలకథ హక్కులు దొరక్కపోతేనే లూకాస్ సొంతంగా 'స్టార్ వార్స్' తీసుకున్నాడని మా ఆర్ట్ డైరెక్టర్ చెప్పేవాడు. ఆ ఫ్లాష్ గోర్డన్ అయినా బరోస్ అంగారకుడి తర్వాత పుట్టినవాడే. చివరికొచ్చేసరికి అందులోనూ కత్తే, కాకపోతే వెలుగుతుంది.

అందుకని మీ గ్రహం సంగతి నేను చెప్పేది విను. రంగు మీ ఇష్టం. ఆకాశంలో సూర్యుళ్ళెన్ని అన్నావు, రెండా? అయితే ప్రతి మనిషికీ, ప్రతి బండకీ రెండు నీడలు పడాలి. ఫ్లోర్లో పొరపాటున రెండు నీడలు పడితే మా కెమెరామన్ లైట్‌మాన్‌ని బండబూతులు తిట్టేవాడు, దొంగ వెలుగని తెలిసిపోతుందని. మీ దగ్గర ఒక్క నీడే పడితే అది దొంగ. రెండో సూర్యుడు ఎర్రగా ఉంటే మొదటి సూర్యుడి వల్ల పడ్డ నీడకి ఎరుపు తగలాలి. హీరో బుర్రకి గాజు పెడతారా, కంప్యూటర్లోనే పెడతారా? కంప్యూటర్లో అయితే అందులోనూ రెండు సూర్యుళ్ళు మెరవాలి, మొహం కనపడేంత వదిలి. మీ సూపర్‌వైజర్ ఆ నీడలు లెక్కపెట్టాడో లేదో రేపు అడుగు.